బఠాణీకి వేసిన మంచి పరుపు

"ఏమన్నాయక్కా?"

ఫోన్ ఎత్తగానే మా చెల్లి అడిగే మొదటి ప్రశ్న అది. బాగున్నావా లేదు, తిన్నావా లేదు. ఏమన్నాయి అంటే, మా ల్యాబ్‌లో పళ్ళెంలో పెరుగుతున్న తన కొడుకు కణాలు ఏమన్నాయి అని. అవి ఏమీ అనవే తల్లీ, ఇంకా వారాలు పడుతుంది అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. సరే అంటుంది. మర్నాడు పొద్దున నేను పళ్ళు తోముకునేలోపు మళ్ళీ ఫోన్. "ఏమన్నాయక్కా?"

దాన్ని అని ఏం లాభం? ఆస్పత్రిలో ఉన్నది దాని కొడుకు. పుట్టినప్పుడు గుండ్రంగా, పిసరంత ఉన్నాడని మేమంతా బఠాణీ అని పిలుస్తాం. దగ్గు వచ్చి తగ్గకపోతే రక్తం పరీక్ష చేశారు. టీ కణాలు లేవు. తక్కువగా ఉన్నాయని కాదు, అసలు లేవు. ఒంట్లో దూరిన క్రిమిని గుర్తుపట్టి మిగతా సైన్యాన్నంతా లేపేవి ఆ కణాలే. అవి లేని పసివాడికి జలుబు చేసినవాడి తుమ్ము కూడా ప్రాణం మీదికి తెస్తుంది. అందుకని అద్దాల గదిలో పెట్టారు. మా చెల్లి టోపీ, మాస్కు, చేతి తొడుగులు తగిలించుకుని లోపల. మేమంతా అద్దానికి ఇవతల, ఇంటర్‌కమ్ చెవికి ఆనించుకుని నిలబడేవాళ్ళం.

పిల్లల డాక్టరుగారికి తెలియాల్సింది ఒక్కటే. లోపం ఎక్కడుంది? నేను బతుకంతా చూస్తున్నది ఈ పనే కాబట్టి మా ఇంట్లో అందరికీ నేనే చెప్పాల్సి వచ్చింది. మా మరిదికి రెండుసార్లు, ఆయన వాళ్ళమ్మగారికి నాలుగుసార్లు, చెల్లికి లెక్కే లేదు.

ఎముక మజ్జలో పుట్టిన పిల్లకణానికి తనేం కావాలో తెలియదు. రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన, థైమస్ అని చిన్న గ్రంథి ఉంటుంది. పిల్లకణం రక్తంలో పడి అక్కడికి చేరుతుంది. అక్కడి కణాలు ఒక ప్రోటీన్‌ని బయటికి చాపుకుని కూర్చుంటాయి. పిల్లకణం ఒంటిమీద ఉన్న రిసెప్టర్‌కి అది తగలాలి. తగిలితే లోపలికి కబురు వెళ్తుంది, నువ్వు టీ కణానివి కావాలి అని. ఆ కబురు అందకపోతే అది చాలాసార్లు ఇంకో దారి పట్టి బీ కణం అయిపోతుంది. కాబట్టి బఠాణీకి టీ కణాలు లేవంటే రెండే కారణాలు. వాడి పిల్లకణాల్లోనే ఏదో లోపముండి అవి ఆ దారిలో ఎదగలేకపోవాలి. లేదా కబురు చెప్పాల్సిన థైమసే వాడికి లేకపోవాలి.

"ఏదైతే ఏముంది వదినా? వైద్యం చేస్తారుగా!" అన్నాడు మా మరిది.

ఏదైతే ఏముందట! మొదటిదైతే మజ్జ మార్చాలి. వాడి అక్క మజ్జ వాడికి సరిపోయింది, అదృష్టం. దానికి ముందు ఘాటైన మందిచ్చి వాడి మజ్జనంతా తుడిచేస్తారు. రెండోదైతే ఎంత మంచి మజ్జ పోసినా ఆ కణాలకు చదువు చెప్పే చోటు లేదు కాబట్టి ఫలితం ఉండదు. ఆ విషం లాంటి మందు మాత్రం వాడి ఒంట్లోకి వెళ్ళనే వెళ్తుంది. స్కానింగ్‌లో థైమస్ కనపడలేదు. కానీ కణాలు రాకపోయినా, జబ్బు చేసినా కూడా అది కనపడనంతగా ముడుచుకుపోతుంది, అందుకని స్కానింగ్ మాట నమ్మడానికి లేదు. జీన్ పరీక్షలో తెలిసిన తప్పేదీ దొరకలేదు. ఇక మిగిలింది మా ల్యాబ్.

మా దగ్గర పద్ధతి ఇది. పళ్ళెం అడుగున ఒక రకం కణాలను పరుస్తాం. థైమస్‌లో ఉండే ఆ ప్రోటీన్‌ని ఇవి కూడా చాపేలా వీటిలో ఒక జీన్ చేర్చి ఉంటుంది. వాటిని మేం పరుపు అంటాం. ఆ పరుపు మీద రోగి మజ్జలోని పిల్లకణాలను వేస్తాం. పక్కనే ఇంకో పళ్ళెంలో ఆరోగ్యవంతుల పిల్లకణాలు, పోల్చుకోవడానికి. రోగి కణాలు కూడా టీ కణాలైతే కణాల్లో దోషం లేనట్టు. కాకపోతే కణాల్లోనే దోషం.

మా చెల్లి కొడుకు కణాలు నేను పెంచుతానంటే మా సారు ఒప్పుకోలేదు. సొంతవాళ్ళ నమూనా ముట్టుకోకూడదు, అది ల్యాబ్ నియమం. నిజానికి మంచి నియమమే, నేనే పదిమందికి చెప్పి ఉంటాను. ఆ పూట మాత్రం ఒళ్ళు మండిపోయింది. పని గారాబానికి అప్పజెప్పారు.

గారాబం అంటే మా ల్యాబ్‌లో అందరికంటే పెద్దావిడ. కణాలను పెంచడంలో ఆవిడ చేయి మంచిదని పేరు. ఇంక్యుబేటర్ తలుపు తీసి, "ఏం బంగారూ, ఆకలేస్తోందా?" అని కణాలు పెరిగే ఫ్లాస్కులతో మాట్లాడుతుంది. కణాలకు ఆహారంగా పోసే మీడియం రంగు కాస్త మారితే చాలు, కొత్తది పోస్తుంది. బాగా పెరిగే ఫ్లాస్కుని ఎవరినీ ముట్టుకోనివ్వదు. అందుకే ఆ పేరు. ఆవిడకి తెలుసు, పెట్టుకుని మురిసిపోతుంది కూడా.

"నువ్వేం బెంగపడకు అమ్మాయ్. నా మనవడనుకుని చూసుకుంటా," అంది.

"మనవడనుకోవద్దండీ. నమూనా అనుకోండి చాలు," అన్నాను.

"అదేం మాటే!" అని నొచ్చుకుంది. నేను చెప్పింది చెవిన పెట్టలేదు.

వారాలు ఎలా గడిచాయో ఏం చెప్పను! ఇంక్యుబేటర్ ముందు నుంచి పోతూ తల పక్కకి తిప్పుకునేదాన్ని. చెల్లి ఫోన్లు సరేసరి. సారేమో వారానికోసారి, "ధైర్యంగా ఉండమ్మా" అనేవారు. ఆయన అలా అన్నప్పుడల్లా ఉన్న కాస్త ధైర్యం కూడా పోయేది.

ఫలితం వచ్చింది. పోలిక పళ్ళెంలో నిండా టీ కణాలు. బఠాణీ పళ్ళెంలో ఒక్కటీ లేదు. కణాల్లోనే లోపం అని సారు రాసి పంపారు. డాక్టరుగారు మజ్జ మార్పిడికి ఏర్పాట్లు మొదలుపెట్టారు. మా మరిది పెద్దపిల్లని కూర్చోబెట్టి, తమ్ముడి కోసం నీ నడుము దగ్గర సూది గుచ్చుతారమ్మా అని చెప్పాడు. సరే కానీ పెద్ద ఐస్‌క్రీం కావాలందట. చెల్లి నాతో, "పోన్లే అక్కా, ఏదో ఒకటి తేలింది," అంది. చాలా రోజుల తర్వాత దాని గొంతులో కాస్త నిలకడ వినపడింది.

నమూనా ముట్టుకోవద్దన్నారు కానీ ఫలితం చూడొద్దనలేదు. కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పంపి ఏ రకమో చెప్పే మెషీన్ ఒకటుంది, దాని బొమ్మలు తెరిచి కూర్చున్నాను. ఇదిగో టీ కణాల గడి, ఖాళీ. సరే. మరి మిగతావి ఏమయ్యాయి? పక్క గడిలోకి చూశాను. బీ కణాలు. కుప్పలు కుప్పలుగా, ముచ్చటగా ఎదిగిన బీ కణాలు.

కణాల్లో లోపముండి మధ్యలో ఆగిపోతే సగం ఎదిగి చచ్చిపోయిన కణాలు ఉండాలి. ఆ ప్రోటీన్ తగులుతున్న పరుపు మీద బీ కణాలు ఇలా విరగపండకూడదు. బీ కణాలయ్యాయంటే వాటికి అసలు కబురే అందలేదు. కబురు వినే రిసెప్టరే పాడైందా అంటే, ఆ రిసెప్టర్ జీన్ సుబ్బరంగా ఉందని రిపోర్టు నా బల్ల మీదే ఉంది. ఇక అనుమానం పరుపు మీదికే పోయింది.

లేచి గారాబం దగ్గరికి వెళ్ళాను.

"బఠాణీ పళ్ళేనికీ, పోలిక పళ్ళేనికీ పరుపు ఒకే ఫ్లాస్కులోంచి తీశారా?"

"రెండూ ఒకే తల్లి ఫ్లాస్కు పిల్లలే కదమ్మా."

"నేనడిగేది అది కాదండీ. ఒకే ఫ్లాస్కా, కాదా?"

కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "పోలిక దానికి మామూలు ఫ్లాస్కు వాడాను. పిల్లాడికి మాత్రం మంచిది తీశా. ఆ వెనక అరలోది. ఎంత చక్కగా పెరుగుతుందో! ఎవరికీ ఇవ్వలేదు. పాపం పసివాడు, నీ చెల్లి కొడుకు, వాడికి ఆ మామూలుది వేయడానికి నా చేతులు రాలేదు."

"దీపం కింద చూశారా?"

ఆ ప్రోటీన్‌ని చాపే కణాలు నీలం దీపం కింద ఆకుపచ్చగా మెరుస్తాయి. పరుపు వేసే ముందు ప్రతి ఫ్లాస్కునీ అలా చూడాలి.

"మామూలుది చూశాను. ఇది చూడ్డమెందుకు? కళ్ళకు కనపడుతూనే ఉందిగా, నిగనిగలాడుతూ!"

చేయి పట్టుకుని చీకటి గదిలోకి తీసుకెళ్ళాను. వెనక అరలోని ఆ ముద్దుల ఫ్లాస్కుని దీపం కింద పెట్టాం. ఏమీ లేదు. అక్కడొకటి ఇక్కడొకటి పచ్చటి చుక్క తప్ప అంతా నలుపే. ఆ ప్రోటీన్‌ని తయారుచేయడం కణానికి బరువు. ఆ బరువు దింపేసుకున్న కణాలు చకచకా పెరుగుతాయి, నున్నగా, వరసగా, చూడముచ్చటగా ఉంటాయి. పనిచేసేవాటిని నెట్టేసి ఫ్లాస్కంతా ఆక్రమిస్తాయి. గారాబం నెలల తరబడి పాలుపోసి పెంచింది పనిదొంగలని. వాటినే ఏరి, అందరిలోకీ మా బఠాణీకే వేసింది.

ఆవిడ గోడకి ఆనుకుని నిలబడిపోయింది. "నేను మంచిదనుకున్నానే," అంది. అరిచేద్దామని నోరు తెరిచాను. ఆ ముఖం చూస్తే అరవబుద్ధి కాలేదు. అందుకని ఇంకా కోపమొచ్చింది.

సారు దగ్గర ఇంకో భాగోతం. "పోలిక పళ్ళెం బాగానే పనిచేసింది కదమ్మా," అన్నారు ఆయన.

"పోలిక పళ్ళేనిది వేరే పరుపు సార్!"

"నువ్వు పిల్లాడి పెద్దమ్మవి. కొంచెం ఉద్వేగంలో ఉన్నావు."

"ఉద్వేగంలోనే ఉన్నాను సార్. అయితే ఆ ఫ్లాస్కు కూడా ఉద్వేగంతో నల్లగా ఉందా? వచ్చి చూడండి."

వచ్చి చూశారు. ఆ తర్వాత తలుపు వేసుకుని డాక్టరుగారికి తనే ఫోన్ చేశారు. ఆ పనికి ఆయన్ని మెచ్చుకోవాలి.

మిగిలిన మజ్జ కణాలు నైట్రోజన్ ట్యాంకులో గడ్డకట్టించి ఉన్నాయి. మళ్ళీ వేయొచ్చు. కానీ మళ్ళీ అన్ని వారాలూ ఆగాలి. డాక్టరుగారు మమ్మల్నందరినీ అద్దం ముందు నిలబెట్టి ఉన్నదున్నట్టు చెప్పారు. ఆగితే ఈలోపు ఏదైనా క్రిమి దూరొచ్చు, దూరితే వాడిని కాపాడగలమని చెప్పలేను. ఆగకుండా మజ్జ మారిస్తే, లోపం థైమస్‌ది అయినపక్షంలో వాడిని ఊరికే చావుదాకా తీసుకెళ్ళినట్టవుతుంది. మీ ఇష్టం, అన్నారు.

మా ఇష్టమట. మా మరిది నావైపు చూశాడు. నేను చెల్లివైపు చూశాను. అది అద్దానికి అవతల కొడుకుని భుజాన వేసుకుని, ఇంటర్‌కమ్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఉంది.

"మొన్న తేలిందన్నారు. ఇవాళ తేలలేదంటారు. మీరు చదువుకున్నవాళ్ళేనా అసలు?" అంది.

"పొరపాటు జరిగిందే."

"ఎవరిది?"

"ల్యాబ్‌ది."

"అంటే నీది."

"నాది కాదు, కానీ నాదనుకో. ఆగవే. నా మాట విను."

"నీ కొడుకే అయితే ఆగుతావా?"

ఈ ప్రశ్న అడుగుతుందని నాకు తెలుసు. "ఆగుతాను. రోజూ చస్తూ ఆగుతాను," అన్నాను. నాకు ఏడుపొచ్చింది. మా చెల్లికి నేను ఏడిస్తే గిట్టదు. "చాల్లే, ముక్కు తుడుచుకో. ఆగుదాం," అని ఇంటర్‌కమ్ పెట్టేసింది.

ఈసారి పరుపు అంతా ఒకే కొత్త ఫ్లాస్కులోంచి వేశారు, దీపం కింద పచ్చగా వెలిగేదాంట్లోంచి. పళ్ళేల మీద పేర్లు లేవు, ఏది ఎవరిదో సారుకి తప్ప తెలియదు. పని మాత్రం గారాబమే చేసింది. నాకొద్దని ఆవిడ ఏడిస్తే సారు ఒప్పుకోలేదు, మంచి పని చేశారు. అన్నాళ్ళూ ఆవిడ ఒక్క ఫ్లాస్కుతోనూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం భరించలేక ఒకరోజు నేనే, "పలకరించండి తల్లీ, వాటికేం పాపం తెలుసు," అన్నాను.

ఆ వారాల్లో చెల్లి ఏమన్నాయని అడగడం మానేసింది. పొద్దున ఫోన్ చేసి, "జ్వరం లేదు," అని పెట్టేసేది. దానికంటే మునుపటి గోలే నయమనిపించింది.

మెషీన్ బొమ్మ వచ్చిన రోజు సారు తనే నా బల్ల దగ్గరికి వచ్చి చూపించారు. బఠాణీ కణాలు టీ కణాలయ్యాయి. ఆరోగ్యవంతుల కణాలతో సమానంగా. వాడి కణాల్లో ఏ లోపమూ లేదు. వాడికి థైమస్ లేదు, అంతే.

ఆస్పత్రికి పరుగెత్తాను. విషం లాంటి ఆ మందు తప్పింది. పెద్దపిల్లకి సూది తప్పింది, అయినా ఐస్‌క్రీం ఇప్పించాల్సిందేనంది. వైద్యం ఏమిటో డాక్టరుగారు చెప్పారు. వేరే బిడ్డ థైమస్ ముక్కని సన్నటి రేకులుగా కోసి, కొన్నాళ్ళు పళ్ళెంలో ఉంచి, వీడి తొడ కండరంలో పెడతారు. వీడి మజ్జలోంచి వచ్చే పిల్లకణాలు వెతుక్కుంటూ అక్కడికే చేరతాయి.

"గుండె దగ్గర ఉండాల్సింది తొడలో పెడతారా?" అని మా మరిది నోరెళ్ళబెట్టాడు. ఆయన వాళ్ళమ్మగారికి ఇది చెప్పే బాధ్యత నేను తీసుకోనని అక్కడే తేల్చి చెప్పాను.

"ఆ ముక్క ఎక్కడ దొరుకుతుంది?" అంది చెల్లి అద్దం వెనక నుంచి.

"పసిపిల్లలకి గుండె ఆపరేషన్ చేసేటప్పుడు థైమస్ అడ్డంగా ఉంటుందమ్మా," అన్నారు డాక్టరుగారు. "గుండె కనపడాలంటే కొంత తీసేయక తప్పదు. మామూలుగా పారేస్తాం. తల్లిదండ్రులు ఒప్పుకుంటే మీలాంటివాళ్ళకి ఇస్తాం. సరిపోయేది దొరికేదాకా ఎదురుచూడాలి."

ఆయన వెళ్ళిపోయాక చెల్లి ఇంటర్‌కమ్ పట్టుకుని అలాగే ఉంది. "అంటే అక్కా, ఎవరి బిడ్డకో గుండె చెడిపోవాలని ఎదురుచూడాలా నేను? ఇప్పుడు నేనేమని కోరుకోవాలి?"

"ఏమీ కోరుకోకు. అన్నం తిను," అన్నాను.

ముక్క దొరికిందని కబురు వచ్చిన రోజు మధ్యాహ్నం నేనక్కడే ఉన్నాను. మార్పిడి పనులు చూసే నర్సు అంగీకార పత్రం, పెన్ను తీసుకుని వచ్చింది. చెల్లిని బయటి గదికి పిలిచారు. ఎంతకాలంగా ఎదురుచూస్తున్న సంతకం అది! చెల్లి కూర్చుంది, పెన్ను తీసుకుంది, ఆగింది.

"ఆ బిడ్డ ఎలా ఉంది?"

"ఎవరండీ?" అంది నర్సు.

"ఇది ఎవరి ఒంట్లోదో, ఆ బిడ్డ. ఆపరేషన్ అయ్యాక లేచిందా?"

"దాత వివరాలు చెప్పకూడదండీ. నియమం."

"నేను పేరడగలేదు. ఊరడగలేదు. లేచిందా లేదా?"

"చెప్పకూడదమ్మా."

చెల్లి పెన్ను బల్ల మీద పెట్టేసింది. "అయితే సంతకం పెట్టను."

నాకు పిచ్చెక్కింది. "నీకేమైనా మతి పోయిందటే! లోపల నీ కొడుకు ఉన్నాడు. ముందు వాడి సంగతి చూడు! ఒక్క గీత గీసి అవతల పడెయ్యి!" అని ఆస్పత్రి అదిరేలా అరిచాను. మరిది బతిమాలాడు. నర్సు గడియారం చూసుకుంది. చెల్లి చేతులు కట్టుకుని కూర్చుంది, చిన్నప్పుడు అన్నం తిననని మొండికేసినట్టు.

"ఆ తల్లి ఇప్పుడు ఎక్కడో ఇలాంటి కుర్చీలోనే కూర్చుని ఉంటుంది," అంది. "తన బిడ్డ లేవకముందే నా బిడ్డకోసం ఇచ్చింది. ఆ బిడ్డ లేచిందని తెలియకుండా నేను తీసుకోలేనక్కా. నన్ను చంపినా తీసుకోలేను."

నర్సు మా ముఖాలు ఒక్కొక్కటే చూసి, పత్రం అక్కడే వదిలేసి బయటికి వెళ్ళిపోయింది. చాలాసేపు రాలేదు. అన్నీ చెడిపోయాయనుకున్నాను. దీని మొండితనం వల్ల ఆ ముక్క ఇంకెవరికో పోతుందని లోపల్లోపల కుతకుతలాడాను.

తిరిగొచ్చి తలుపు వేసింది. నిలబడే, మావైపు చూడకుండా, గోడకి చెప్పినట్టు చెప్పింది.

"నేనేమీ చెప్పలేదు, మీరేమీ వినలేదు. పొద్దున లేచిందట. పాలు చాలలేదని వార్డంతా ఎగిరిపోయేలా ఏడుస్తోందట."

చెల్లి పెన్ను తీసుకుంది. రెండక్షరాలు రాసేసరికి కళ్ళు కనపడక ఆగిపోయింది. నేను వెళ్ళి కాగితం కదలకుండా పట్టుకున్నాను. మిగతా సంతకం అది ఏడుస్తూనే పెట్టింది.